కాంతమణి టీచర్ చెప్పిన సాక్ష్యం

సాక్ష్యం చెప్పడం కూడా ఒక విద్యే. అందరికీ అబ్బదు. ఆదివారం ఆరాధనలో రెండో పాట అయిపోయాక అయ్యగారు కళ్ళద్దాలు తీసి, "ప్రభువు చేసిన మేలు చెప్పుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతారు. పాస్టరు యెషయాగారిని ఆ సంఘంలో అందరూ అయ్యగారనే పిలుస్తారు. అప్పుడు రోగం నయమైనవాళ్ళో, ఉద్యోగం దొరికినవాళ్ళో ముందుకు వెళ్ళి మైకు పట్టుకోవాలి. దానికో వరస ఉంది. ముందు తమ పరిస్థితి ఎంత అధ్వాన్నంగా ఉండేదో చెప్పాలి. తర్వాత డాక్టర్లు పెదవి విరిచారనాలి. ఆ తర్వాత ప్రార్థన సంగతి. చివర్లో గొంతు కొంచెం వణుకుతుండగా, "ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఒక్క మందు బిళ్ళ ముట్టలేదు" అనాలి. ఆ మాట దగ్గర సంఘమంతా స్తోత్రం అంటుంది. ఆ మాట లేని సాక్ష్యం ఉప్పు లేని పప్పే.

స్త్రీల సమాజం అధ్యక్షురాలు మార్తమ్మ ఈ విద్యలో ఆరితేరిన మనిషి. ఆవిడ పిత్తాశయంలోని రాళ్ళు మొదటి సాక్ష్యంలో కందిగింజంత ఉండేవి. ఏటేటా పెరిగి నిమ్మకాయంత అయ్యాయి. అలాగని ఆవిడ అబద్ధాలకోరు కాదు. దేవుడు చేసిన మేలును చిన్నదిగా చెప్తే ఆయనను చిన్నబుచ్చినట్టేనని ఆవిడ బాధ. మనసు మాత్రం వెన్న.

ఈ సాక్ష్యాలన్నీ కాంతమణి పుట్టినప్పటి నుంచి వింటూనే పెరిగింది. వాళ్ళది రేపల్లె వైపు ఒక ఊరు. రైల్వే ఆఫీసులో గుమాస్తాగా ఉన్న లూకాను చేసుకుని సికింద్రాబాదు వచ్చింది. మోండా మార్కెట్ వెనక సందులో అద్దె ఇల్లు. పిల్లలు కలగలేదు. దానికి ఎప్పుడో ఏడ్చి ఇద్దరూ ఊరుకున్నారు. ఆమె ఒక ఆడపిల్లల బడిలో కుట్టు నేర్పే టీచరు. లెక్కల టీచరుకీ ఇంగ్లీషు టీచరుకీ ఉండే మర్యాద కుట్టు టీచరుకు ఎవరిస్తారు? కానీ పిల్లలకు ఆమె అంటే ప్రాణం. కాజా వంకరగా కుడితే తిట్టేది కాదు, పక్కన కూర్చుని విప్పించి మళ్ళీ కుట్టించేది. ఎన్నిసార్లయినా.

అలాంటి మనిషికి జబ్బు చేసింది. ఎలా మొదలైందంటే చెప్పుకోదగ్గ కారణం లేదు. కారణమంటూ ఒకటి ఉంటే బాగుండేది, వచ్చినవాళ్ళకు చెప్పి పంపేయవచ్చు. ఒక శనివారం పొద్దున మార్కెట్లో వంకాయలు ఏరుతోంది. తెల్లవి తీసుకోవాలా, నల్లవి తీసుకోవాలా తేలలేదు. ఎంతసేపు చూసినా తేలలేదు. వెనక జనం తోసుకుంటున్నారు. కూరగాయల ఎల్లమ్మ, "ఏందమ్మా, ఏదో ఒకటి చెప్పరాదు" అంది. కాంతమణి చేతిలోని సంచి కింద పెట్టి, అక్కడే ఉన్న ఉల్లిగడ్డల బస్తా మీద కూర్చుని ఏడ్చింది. ఎందుకు ఏడుస్తోందో ఆమెకే తెలియదు. చివరికి ఎల్లమ్మే చెయ్యి పట్టుకుని ఇంటి గుమ్మం దాకా దిగబెట్టి వెళ్ళింది.

ఆ తర్వాత మంచం ఎక్కింది. గోడ వైపు తిరిగి పడుకునేది. బడికి సెలవు పెట్టారు. లూకా వంట నేర్చుకున్నాడు. అతని అన్నం ఒకరోజు పలుకు, ఒకరోజు జావ. ఎలా ఉన్నా ఆమె నాలుగు మెతుకులే తినేది.

సంఘంవాళ్ళు ప్రార్థనకు వచ్చారు. మంచివాళ్ళే, రావడమే కాదు, పులుసులూ పచ్చళ్ళూ కూడా తెచ్చారు. కానీ వాళ్ళ ప్రార్థన ఎప్పుడూ స్తోత్రంతోనే మొదలవుతుంది. "ముందు కృతజ్ఞత చెప్పమ్మా, నోరు తెరువు, అదే తేలికవుతుంది" అనేది మార్తమ్మ. కాంతమణి నోరు తెరిచేది. ఏమీ వచ్చేది కాదు. లోపల ఎంత వెతికినా ఒక్క కృతజ్ఞత కనపడేది కాదు. తిండి సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం ఆమెను అంతగా భయపెట్టలేదు. దేవుణ్ణి తాను ఎక్కడో పారేసుకున్నానన్న భయం మాత్రం ఆమెను తినేసింది.

ఆ రోజుల్లోనే సుమిత్ర వచ్చింది. బస్తీల్లో మనసు జబ్బులకు వైద్యం చేసే ఒక ట్రస్టులో ఆమె కౌన్సెలరు. తాతల నాటి నుంచి హైదరాబాదువాళ్ళు. వాళ్ళింట్లో ఆషాఢం వస్తే అమ్మవారికి బోనం ఎత్తుతారు. ట్రస్టువాళ్ళు మొదట బోయిన్‌పల్లిలో గది తీసుకుని 'మానసిక వైద్యం' అని బోర్డు పెడితే ఈగ కూడా వాలలేదు. ఆ మాట చూస్తే జనానికి ఎర్రగడ్డ గుర్తొస్తుంది. ఎర్రగడ్డ అంటే ఈ ఊళ్ళో పిచ్చాసుపత్రి ఉన్న పేట పేరని ఎవరికీ గుర్తుండదు, అదొక తిట్టు. సుమిత్ర ఆ బోర్డు పీకించేసింది. అయ్యగారి దగ్గరికి వెళ్ళి, గురువారాలు సండే స్కూలు గది ఇమ్మని అడిగింది. ఆయన ఇచ్చారు. ఆమె ఊరికే గదిలో కూర్చోలేదు. ఎన్నో ఆదివారాలు చర్చిలో చివరి బల్ల మీద కూర్చుని వీళ్ళ మాటలు నేర్చుకుంది. ఇక్కడ జబ్బు అనరు, 'బలహీనత' అంటారు. దిగులు అనరు, 'భారం' అంటారు. దేవుడి ముందు ఏడ్చి అడగడాన్ని 'మొర' అంటారు.

లూకా భార్యను ఆటోలో తీసుకొచ్చి ఆ గదిలో కూర్చోబెట్టాడు. పిల్లల కోసం చేయించిన పొట్టి కుర్చీలు. సుమిత్ర కూడా అలాంటి కుర్చీలోనే మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుంది.

"టీచరమ్మా, మీ ప్రార్థనలు నేను విన్న. అన్నీ స్తోత్రంతోనే షురూ అయితయి. మీకిప్పుడు స్తోత్రం వస్తలేదు కదా?"

కాంతమణి తల ఊపింది. తన దొంగతనం ఎవరో కనిపెట్టినట్టు ఆమెకు చెమట పట్టింది.

"రాకుంటే విడిచిపెట్టండి. మొర అంటరు చూడండి, అది చెప్పండి."

"ఎవరికమ్మా?"

"ఆయనకే. నేను పక్కన కూసుంట, అంతే."

 కాంతమణి తలెత్తకుండానే, "నాకు నీతో మాట్లాడాలని లేదు" అంది. "నువ్వు వింటున్నావని కూడా అనిపించడం లేదు. పొద్దున లేవడం నాకు శిక్షగా ఉంది. నన్నెందుకు లేపుతున్నావు?" ఆ మాటలు అన్నాక భయపడి సుమిత్ర వైపు చూసింది. "ఇలా అంటే ఆయనకు కోపం వస్తుందేమో."

"వస్తే గప్పుడు చూద్దాం తియ్యండి" అంది సుమిత్ర.

కాంతమణికి ఎన్నాళ్ళకో నవ్వొచ్చింది. నవ్వంటే నవ్వు కాదు, పెదవి ఒక పక్కకు కదిలింది. లూకా తలుపు సందులోంచి చూసి బయటికి వెళ్ళి ఏడ్చాడు.

ట్రస్టు డాక్టరు చూసి బిళ్ళలు రాశాడు. బిళ్ళలనేసరికి కాంతమణి వెనక్కి తగ్గింది. "అయ్యగారు షుగర్‌కి బిళ్ళ వేసుకుంటలేరా? ఆయన విశ్వాసం తగ్గిందంటమా?" అంది సుమిత్ర. ఆ మాటతో కాంతమణి చీటీ తీసుకుంది. వారం వారం మొర, రోజూ పొద్దున కాఫీతో బిళ్ళ. ఇలా నడిచింది. మెల్లగా గోడ వైపు నుంచి ఇటు తిరిగి పడుకుంది, మెల్లగా లేచి కూర్చుంది, ఒకరోజు లూకా వండిన అన్నం చూసి, "ఇది ఎవరు తింటారండీ?" అంది. అతనికి అంతకన్నా తియ్యటి తిట్టు ఎప్పుడూ తగల్లేదు.

ఆ గురువారాల్లోనే ఆమె పక్క కుర్చీలోకి డోరా వచ్చి చేరింది. డోరా ఆమె దగ్గర బడిలో కుట్టు నేర్చుకున్న పిల్ల. పెళ్ళయి బోయిన్‌పల్లిలో ఉంటోంది. కాన్పయ్యాక ఆ పిల్లకు నిద్ర కరువైంది. ఎవరో చెవిలో మాట్లాడుతున్నారనేది. ఒక తెల్లవారుజామున పసిదాన్ని ఎత్తుకుని చెరువు దాకా వెళ్ళింది. పాలు పోసే ఆవిడ చూసి గట్టిగా పట్టుకుని వెనక్కి తీసుకొచ్చింది. సుమిత్ర డాక్టరుకు చూపించి ఇప్పించిన బిళ్ళలతో డోరా మళ్ళీ నిద్రపోయింది. పాపను ఒళ్ళో పెట్టుకుని, దాని గుప్పిట విప్పి చూసి నవ్వేది. "టీచర్, మీరు వస్తుర్రని చెప్తేనే నేను ఇక్కడికొచ్చిన. లేకుంటే రాకపోదును" అనేది. కాంతమణికి ఆ మాట గర్వంగా ఉండేది. ఎందుకుండదు?

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఇక్కడ ఆగిపోయుంటే ఎంత బాగుండేదో.

భార్య మంచం మీద ఉన్న రోజుల్లో లూకా వంటింట్లో మోకరించి ఒక మొక్కు మొక్కుకున్నాడు. ఆమె లేచి తన కంచంలో అన్నం వడ్డిస్తే సంఘం ముందు సాక్ష్యం చెప్పిస్తానని. ఇప్పుడు ఆమె వడ్డిస్తోంది. మొక్కు తీర్చాలి. కాంతమణి వెళ్ళి సుమిత్రను అడిగింది.

సుమిత్ర ముఖం వెలిగిపోయింది. "చెప్పండి టీచరమ్మా, తప్పకుండ చెప్పండి. మీ పద్ధతిలనే చెప్పండి. నా గురించి, బిళ్ళల గురించి సుత చెప్పండి. మీ నోట వింటే ఇంకో పదిమంది సిగ్గు విడిచి వస్తరు."

మంచి ఆలోచనే. ఎవరి పద్ధతిలో వాళ్ళకు వైద్యం చెయ్యాలని పట్టుబట్టిన మనిషికి ఇంతకన్నా మంచి ఆలోచన ఏం తడుతుంది? పద్ధతికి కూడా పళ్ళుంటాయని ఆమెకు తెలియదు. అందులోనే పుట్టి పెరిగిన కాంతమణికైనా తెలియాలి కదా, ఆమెకూ తట్టలేదు.

ఆదివారం వచ్చింది. ప్రభువు ఒక అమ్మాయిని పంపాడు, బిళ్ళలు పంపాడు, వాటితో లేపాడు అని చెప్పాలని ఇంట్లో లూకా ముందు మాటలు కూడబలుక్కుంది. మైకు పట్టుకుంది. వంకాయల దగ్గర ఏడ్చిన సంగతి చెప్పింది. స్త్రీలు కళ్ళు తుడుచుకున్నారు. మంచం సంగతి చెప్పింది. మార్తమ్మ ముందు వరసలోంచి "స్తోత్రం" అంది. ఆ స్తోత్రం వినగానే కాంతమణి గొంతు చిన్నప్పటి నుంచి విన్న దారిలో పడింది. వాలులో బండి మాదిరి దానంతటదే పోతోంది. ప్రార్థన అంది, ప్రభువు ముట్టాడంది, తర్వాత గొంతు వణికింది. "ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఒక్క మందు బిళ్ళ ముట్టలేదు" అనేసింది.

ఆ పొద్దున కాఫీతో వేసుకున్న బిళ్ళ చేదు ఆమె నాలుక మీద ఇంకా ఉంది.

సంఘమంతా హల్లెలూయ అని లేచింది. కీబోర్డు పిల్లవాడు పాట ఎత్తుకున్నాడు. కాంతమణి నోరు తెరిచి నిలబడిపోయింది. కాదు, ఆగండి అనాలనుకుంది. అయ్యగారు మైకు అందుకుని ఆమె తల మీద చెయ్యి పెట్టారు. చివరి బల్ల మీద సుమిత్ర తల దించుకుంది. బయటికి వచ్చాక, "పర్వాలేదు టీచరమ్మా, గురువారం రండి, మాట్లాడుకుందం" అని మాత్రం అంది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని ఊరికే అన్నారా?

ఇంటికి వెళ్ళాక లూకా గుమ్మం దగ్గర, "ఆ మాట ఎందుకన్నావు మణీ?" అన్నాడు.

"నాకు తెలియదండీ. వచ్చేసింది."

"పోనీలే. లోపలి గదిలో వేసుకో. ఎవరికి తెలుస్తుంది?"

"నేను చెప్పింది ఎవరి ఇంట్లోనండీ?" అంది కాంతమణి.



ఆమె ముందు రెండే దారులు ఉన్నాయి. దేవుడి మందిరంలో నిలబడి అబద్ధమాడానని ఒప్పుకోవాలి, లేదా ఆ మాటను నిజం చెయ్యాలి. రెండోది సులువు. చేతిలో పని. ఆమె బిళ్ళలు మానేసింది. ఇక నుంచి ఆ మాట అబద్ధం కాదు అనుకుంది. గురువారం వెళ్ళలేదు, సుమిత్ర ఫోను చేస్తే బాగానే ఉన్నానని చెప్పింది. నిజంగానే కొన్నాళ్ళు బాగానే ఉంది కూడా. అదే కొంప ముంచింది.

ఇళ్ళలో జరిగే ప్రార్థన కూడికలకు ఆమెను పిలవడం మొదలుపెట్టారు. సైనిక్‌పురిలో ఒక రిటైర్డ్ సుబేదారుగారి ఇంట్లో చెప్పింది. మారేడ్‌పల్లిలో చెప్పింది. చెప్పిన ప్రతిచోటా ఆ మాట చెప్పింది, చెప్పక తప్పదు. భారంతో ఉన్న ఆడవాళ్ళు ఆమె ఇంటికే వచ్చి తల మీద చెయ్యి పెట్టమనేవారు. సుమిత్ర అనుకున్నట్టే పదిమంది సిగ్గు విడిచి వచ్చారు. కాకపోతే గురువారం గదికి రాలేదు, కాంతమణి దగ్గరికి వచ్చారు. గదిలో పొట్టి కుర్చీలు ఖాళీ అయ్యాయి.

ఇంతలో తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. బందులు, బస్సులు లేవు, రైళ్ళు ఆపుతున్నారు. ట్రస్టువాళ్ళు కొన్నాళ్ళు బయటికి రావద్దన్నారు. ఆ వారాల్లోనే కాంతమణికి మళ్ళీ తెల్లవారుజామున మెలకువ రావడం, ఛాతీ మీద బండ పెట్టినట్టు ఉండడం మొదలైంది. మొదటిసారి మంచం ఎక్కినప్పుడు కనీసం పడుకునే వీలుండేది. ఇప్పుడు అదీ లేదు. సాక్ష్యం చెప్పినవాళ్ళు మళ్ళీ పడిపోకూడదు. పౌడరు రాసుకుని, ముఖం మీద చిరునవ్వు పెట్టుకుని బడికి వెళ్ళేది. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండా వంటింట్లో గోడకు చేరగిలబడి కూర్చునేది. లూకా వచ్చి ఆ చెప్పులు విప్పేవాడు.

బందులు సడలిన తర్వాత సుమిత్ర ఇంటికి వచ్చింది. గుమ్మంలో నిలబడి ఒక్కసారి కాంతమణి ముఖం చూసింది.

"మళ్ళా షురూ అయింది కదా?"

కాంతమణి గోడకు చేరగిలబడి కూర్చుంది. సుమిత్ర వచ్చి పక్కన నేల మీద కూర్చుంది.

"మీ సంగతి తర్వాత మాట్లాడుదం. డోరా బిళ్ళలు మానేసింది టీచరమ్మా. నిద్ర పోతలేదు. నవ్వుతున్నది. ఆ నవ్వు మంచిది కాదు. నేను పోతే తలుపు తియ్యలే. ఇంట్లోళ్ళు సుత ఆమె దిక్కే. 'టీచర్ మానేసినా మంచిగున్నది, నేను మానేస్తే ఏమైతది' అంటున్నదంట."

కాంతమణికి పసిదాని గుప్పిట గుర్తొచ్చింది. చెరువు గుర్తొచ్చింది.

"తప్పు నాది సుత ఉన్నది" అంది సుమిత్ర. "మిమ్మల్ని మైకు ముందట నిలబెట్టింది నేనే. ఇప్పుడు నా మాట ఆ పిల్ల వినదు. మీరే చెప్పాలె. జల్ది చెప్పాలె."

కాంతమణి లేచింది. బీరువాలో చీరల అడుగున దాచిన బిళ్ళలు తీసింది. పారేయడానికి చేతులు రాక ఉంచుకున్నవి. సుమిత్ర చూస్తుండగానే ఒకటి వేసుకుని నీళ్ళు తాగింది. తన కోసమైతే వేసుకునేది కాదేమో.

మర్నాడు బడి నుంచి అటే బోయిన్‌పల్లి వెళ్ళింది. డోరా ఇల్లు అద్దంలా ఉంది. మిషను ముందు కూర్చుని కుడుతోంది. దండెం మీద పసిపిల్ల గౌన్లు, ఒకదాని మీద ఒకటి, ఎన్నో. అన్నిటికీ కాజాలు ఉన్నాయి. ఒక్కదానికీ గుండీ లేదు.

"చూడండి టీచర్, ఒక్క కాజా సుత వంకర పోలే" అంది డోరా. కళ్ళు లోపలికి పోయాయి, నవ్వు మాత్రం ముఖమంతా ఉంది. "నాకిప్పుడు నిద్ర అవసరమే లేదు. ప్రభువు నా బలమంతా తిరిగిచ్చిండు."

కాంతమణి మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. "డోరా, నేను మళ్ళీ బిళ్ళ వేసుకుంటున్నాను."

డోరా నవ్వు తగ్గలేదు. "నన్ను పరీక్ష చేస్తున్నరా టీచర్?"

"నిజం చెప్తున్నానమ్మా. మానేసి మళ్ళీ పడిపోయాను. నువ్వు కూడా వేసుకోవాలి."

"మరి చర్చిలో చెప్పింది?"

"అబద్ధం."

ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో చెప్పలేం. డోరా మాత్రం బడిలో కుట్టు తప్పినప్పుడు ఆలోచించినట్టే నుదురు ముడిచింది.

"చర్చిలో చెప్పిన మాట చర్చిలోనే తీసెయ్యాలె కదా టీచర్. ఇంట్ల చెప్తే నేనెట్ల నమ్మాలె? ఇది మీతోని సాతాను చెప్పిస్తున్నడేమో."

"అక్కడ చెప్తే వేసుకుంటావా?"

"వేసుకుంట."

"ఒట్టు?"

"మనం విశ్వాసులం, ఒట్టు పెట్టం కదా టీచర్. వేసుకుంట అన్న, అంతే."

ఆదివారం దాకా ఆగడానికి కాంతమణికి ధైర్యం చాలలేదు. మంగళవారం మధ్యాహ్నం చర్చిలోనే స్త్రీల సమాజం కూడిక ఉంది. అక్కడ అబద్ధం ఒప్పుకుంటానని లూకాకు చెప్పింది. అతని మొక్కు అతని కళ్ళ ముందే విరిగిపోతోంది. అయినా ఆమె తెల్ల చీర ఇస్త్రీ చేసిపెట్టి, ఆఫీసుకు అరపూట సెలవు పెట్టి కూడా వచ్చాడు. స్త్రీల కూడికలోకి మగవాళ్ళు రారు కాబట్టి చర్చి గేటు దగ్గర నిలబడ్డాడు.

డోరా కూడా వచ్చింది. పాపను ఒళ్ళో పెట్టుకుని రెండో వరసలో కూర్చుంది. పాట అయ్యాక కాంతమణి లేచి నిలబడింది. మైకు లేదు, అదొక మేలు.

"నేను చెప్పిన సాక్ష్యం అబద్ధం" అంది. "ఆ రోజు పొద్దున కూడా బిళ్ళ వేసుకునే వచ్చాను. నన్ను లేపింది ఆ బిళ్ళలే, సుమిత్రమ్మే. తర్వాత మానేశాను. మానేసి మళ్ళీ పడిపోయాను. ఇప్పుడు మళ్ళీ వేసుకుంటున్నాను. నా మాట విని ఎవరైనా మానేస్తే, దయచేసి మళ్ళీ వేసుకోండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆమె రాళ్ళు పడతాయనుకుంది. మందిరంలో అబద్ధమా అని లేచి నిలదీస్తారనుకుంది. అందుకు సిద్ధపడే వచ్చింది.  కానీ మార్తమ్మ లేచి గబగబా వచ్చి ఆమెను కౌగిలించుకుంది. ఆవిడ చెంపలు తడిగా ఉన్నాయి.

"ఇది శోధనమ్మా, సాతాను పెట్టే పరీక్ష" అంది. "సాక్ష్యం చెప్పినవాళ్ళ మీదికే వస్తుంది. ఎంత గొప్ప సాక్ష్యమైతే అంత పెద్ద శోధన. నీ తప్పేం లేదు తల్లీ."

"శోధన కాదు మార్తమ్మగారూ. జబ్బు."

"ఆ సమయంలో అలాగే అనిపిస్తుంది. నాకు తెలియదా?"

అంతే. ఆమె చెప్పిందంతా ఆ ఒక్క మాట మింగేసింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళ ముఖాల్లో కోపం లేదు, జాలి ఉంది. కోపం వచ్చి ఉంటే బాగుండేది. కోపం వచ్చిందంటే నమ్మినట్టు. జాలిని ఎదిరించి ఎవరు గెలుస్తారు? కాంతమణి మళ్ళీ చెప్పబోయింది. ఆమె గొంతు పెంచినకొద్దీ వాళ్ళకు శోధన ఎక్కువైనట్టే వినపడింది.

పడిపోయినవాళ్ళ కోసం, నిలబడి ఉన్నవాళ్ళు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించడం ఆ సమాజంలో అలవాటు. మార్తమ్మ చుట్టూ చూసింది.

"డోరా, నువ్వు లేమ్మా. టీచరు సాక్ష్యం విని నిలబడ్డావు. ఇప్పుడు టీచరును నువ్వు నిలబెట్టు."

డోరా పాపను పక్కావిడ ఒళ్ళో పెట్టి వచ్చింది. కాంతమణి ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. కాలిపోతోంది.

"చర్చిలో చెప్పాను కదా డోరా. మాటిచ్చావు కదా."

డోరా వంగి, చిన్న పిల్లతో మాట్లాడినట్టు మెల్లగా చెప్పింది. "మీరు పరేషాన్ కాకుండ్రి టీచర్. మీరు పడిపోయిన్రు, గందుకే గిట్ల మాట్లాడుతున్నరు. మీ బదులు నేను నిలబడత."

తల మీద చెయ్యి పడింది. ఆ చెయ్యి ఆగకుండా వణుకుతోంది. నిద్ర లేని వేళ్ళు జుట్టులో కదులుతున్నాయి. డోరా స్తోత్రంతో మొదలుపెట్టి ఎక్కడా తడబడకుండా ప్రార్థించింది. మా టీచర్ ఇంక ఒక్క బిళ్ళ కూడా ముట్టకుండా బలం ఇయ్యి తండ్రీ అంది. ఆడవాళ్ళందరూ ఆమెన్ అన్నారు.

ప్రార్థన ఎవరి కోసం చేశారో వాళ్ళు ఆమెన్ అనందే చెయ్యి తియ్యరు. అందరూ ఎదురు చూస్తున్నారు. డోరా చెయ్యి వణుకుతూ అలాగే ఉంది. కాంతమణికి ఇప్పుడు నోటి నిండా మొర ఉంది. ఎంత ఉందో, అంతా గట్టిగా అరవాలని ఉంది. కానీ దాన్ని వినగలిగిన మనిషి ఆ మందిరంలో ఒక్కతీ లేదు. రెండో వరసలో పాప ఏడుపు ఎత్తుకుంది. డోరా వెళ్ళి దాన్ని ఎత్తుకోవాలంటే చెయ్యి తియ్యాలి.

"ఆమెన్" అంది కాంతమణి.

ఆడవాళ్ళు పాట అందుకున్నారు. డోరా పాపను భుజాన వేసుకుని, ముఖమంతా నవ్వుతో, పాట పూర్తికాకముందే అందరికంటే ముందు వెళ్ళిపోయింది. కాంతమణి వెనకే పరుగెత్తింది. గేటు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మీద డోరా లేదు. ఆటో ఎక్కిందో, సందులో పడి నడిచిపోయిందో తెలియలేదు.

పక్క కొట్టుకు టీకి వెళ్ళిన లూకా ఎదురొచ్చి భార్య ముఖం చూశాడు. "ఏమన్నారు మణీ? బాగా తిట్టారా?"

"సుమిత్రమ్మకు ఫోన్ చెయ్యండి, డోరా పాపను తీసుకుని వెళ్ళిపోయింది" అంది. అతను ఫోను తీస్తుంటే గేటు ఊచలు పట్టుకుని కింద కూలబడింది. "ఒక్కరు కూడా తిట్టలేదండీ. ఒక్కరంటే ఒక్కరు కూడా తిట్టలేదు."